తాత కొట్టు పద్దు పుస్తకంలో ధరలు అక్షరాల్లో ఉన్నాయి, ఎవరికైనా అర్థమవుతుందా?

పట్టుబజారు_చిన్నోడు:
అందరికీ నమస్కారం. మాది బరంపురం, బడా బజారు వైపు మా తాతకి పట్టుచీరల కొట్టు ఉండేది, ఎప్పుడో మూసేశాం. ఇనప్పెట్టె సర్దుతుంటే పొడుగాటి పద్దు పుస్తకం ఒకటి దొరికింది, ఎర్రగుడ్డ అట్ట, పైన 1974 అని రాసుంది. ఒక్కో చీరకీ రంగు, అంచు రాసి పక్కన రెండు కాలమ్స్ గీశారు, ఒకదాంట్లో మామూలు అంకెలు, రెండోదాంట్లో తెలుగు అక్షరాలు. నేను ఒడియా మీడియంలో చదివాను, తెలుగు కూడబలుక్కోవాలి, అందుకని అమ్మ చేత చదివించి కొడుతున్నా. ఒక పేజీ వరసగా ఇది:

రదస – 165
రకయ – 190
మరస – 245
జస – 105
రగస – 210
మయస – 290
లయ – 90
నమస – 375
మటస – 255
రటస – 130

అంకెలేమో గిరాకీకి అమ్మిన ధర, అక్షరాలేమో మనకి పడ్డ ధర అంటోంది అమ్మ. ఏ అక్షరం ఏ అంకె అన్నది తాతకీ పెదనాన్నకీ తప్ప ఎవరికీ తెలీదంట, ఇప్పుడు ఇద్దరూ లేరు. ఇది కనుక్కోవడం అయ్యే పనేనా?

కోరాపుట్_కాఫీ:
నేనైతే ర అంటే రూపాయి, ద అంటే దమ్మిడీ అనుకున్నా 😀

గోపాల్‌పూర్_గుమాస్తా:
ఇది జవుళి కొట్లలో పాత అలవాటే బాబు. నేను ఒక కొట్లో చాన్నాళ్ళు పద్దు రాశాను. పది అక్షరాలూ పది రకాలుగా ఉండే మాట ఒకటి యజమాని అనుకుంటాడు, మొదటి అక్షరం 1, రెండోది 2, అలాగ పదోది సున్నా. గిరాకీ బేరమాడుతుంటే కుర్రోడు చీర మడత తిప్పి చీటీ చూసుకుంటే చాలు ఎంతవరకు దిగొచ్చో తెలిసిపోద్ది, ఎదురుగా కూర్చున్న ఆవిడ అదే చీటీ చూసినా ఏటీ తెలీదు. మా కొట్టు మాట మాత్రం నన్నడక్కండి, ఆ కొట్టు ఇంకా నడుస్తోంది.

కోరాపుట్_కాఫీ:
మా సంతలో పశువుల బేరగాళ్ళు తుండుగుడ్డ కింద వేళ్ళు పట్టుకుని రేటు చెప్పుకుంటారు, మరి అదీ ఇదీ ఒకటేనా?

పర్లాకిమిడి_మాస్టారు:
కాదు నాయనా, రెండూ రెండు దారులు. తుండు కింద బేరంలో వేళ్ళు ఎలా లెక్కపెట్టాలో సంతలో ఉన్న బేరగాళ్ళందరికీ తెలుసు, కనపడకుండా కప్పడమే అందులో రహస్యం. గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ చెప్పిన కథ ఒకటుంది, ఒక బానిసకి గుండు గీయించి తలమీద సందేశం పచ్చబొట్టు పొడిపించి, జుట్టు పెరిగాక పంపారని. అదీ కప్పడమే, గుండు గీస్తే రహస్యం అయిపోయింది. చిన్నోడు వాళ్ళ తాత చేసింది వేరు, అక్షరాలు అందరి కళ్ళముందే ఉన్నాయి, అర్థం మాత్రం దాగుంది. సైఫర్ అంటే ఇదే. ఒక అక్షరం బదులు ఎప్పుడూ అదే ఇంకో గుర్తు పెడితే దాన్ని సబ్‌స్టిట్యూషన్ సైఫర్ అంటారు. అసలు మాట ప్లెయిన్ టెక్స్ట్, మార్చాక వచ్చింది సైఫర్ టెక్స్ట్, దేనికి ఏది అని చెప్పే ఆ పట్టీయే కీ.

అందరికంటే పేరున్నది జూలియస్ సీజర్‌ది, ప్రతి అక్షరాన్నీ మూడు స్థానాలు ముందుకి జరిపి రాసేవాడని రోమన్ చరిత్రకారుడు స్యుటోనియస్ రాశాడు, ఏ బదులు డీ. దాన్ని విప్పడానికి పెద్ద బుర్ర అక్కర్లేదు, ఇంగ్లీషు 26 అక్షరాలకి 25 జరుపుళ్ళే ఉంటాయి, కూర్చుని అన్నీ రాసేస్తే ఏదో ఒక వరసలో అర్థమున్న మాట కనిపిస్తుంది.

మనవాళ్ళూ తక్కువేం కాదు. కామసూత్రాల్లో వాత్స్యాయనుడు చెప్పిన 64 కళల్లో మ్లేచ్ఛిత వికల్పం అని, రహస్యంగా రాసే కళ ఒకటుంది, దానికి యశోధరుడి వ్యాఖ్యలో మూలదేవీయం అనే పద్ధతి వస్తుంది. అందులో అక్షరాలు జంటలు జంటలుగా తారుమారవుతాయి, అ కి క, ఖ కి గ, చ కి ట, త కి ప, య కి శ ఇలాగ. జంట కాబట్టి రాయడానికీ చదవడానికీ ఒకటే పట్టీ, అదొక సుఖం.

రాయగడ_రమణి:
మాస్టారూ, మనందరం చిన్నప్పుడు మాట్లాడుకున్న క భాష మర్చిపోయారా, కనే కను కరా కను అంటే నేను రాను అని 😀 పెద్దవాళ్ళకి అర్థం కాదనుకునేవాళ్ళం, మా అమ్మమ్మ అదే భాషలో తిట్టేది. అందులో అక్షరాలేవీ మారవు, మధ్యలో పనికిరాని అక్షరం దూరుతుందంతే. పాత రాయబార ఉత్తరాల్లో కూడా ఇలాగే అర్థంలేని గుర్తులు కావాలని కలిపేవారు, విప్పేవాడి లెక్క తప్పించడానికి, వాటిని నల్స్ అంటారు. మన క భాషలో ఆ క ఎప్పుడూ ఒకే చోట వస్తుంది, అందుకే అమ్మమ్మకి పట్టుబడ్డాం.

పట్టుబజారు_చిన్నోడు:
రమణి అక్కా ఒక డౌటు. నేనూ మా చెల్లీ వాట్సాప్‌లో తెలుగుని ఒడియా అక్షరాల్లో కొట్టుకుంటాం, నాలా తెలుగు లిపి సరిగ్గా రానివాళ్ళు ఇటువైపు చాలామందే ఉన్నారు కదా. విజయవాడ కజిన్‌కి అది చదవడం రాదు. మరి అదీ సైఫరేనా?

రాయగడ_రమణి:
మంచి ప్రశ్న తమ్ముడూ, కాదు. అది ఎన్‌కోడింగ్. పట్టీ లోకమంతటికీ తెలిసిందే, రెండు లిపులూ వచ్చినవాళ్ళెవరైనా చదివేస్తారు, దాచాలన్న ఉద్దేశమూ లేదు. కానీ ఇందులో ఒక తమాషా ఉంది చెప్తాను. కంప్యూటర్‌లో ప్రతి అక్షరానికీ యూనికోడ్ నంబర్ ఒకటి ఉంటుంది కదా, తెలుగు క నంబర్ 3093, ఒడియా క నంబర్ 2837. తీసేసి చూడు, 256. ఇప్పుడు గ చూడు, మ చూడు, గుణింతం గుర్తులు చూడు, అన్నిటికీ తేడా అదే 256. భారతీయ లిపులకి యూనికోడ్‌లో చోటు ఇచ్చేటప్పుడు ఒకే వరస పాటించారు, అందుకని తెలుగు నంబర్‌లోంచి 256 తీసేస్తే ఒడియా వచ్చేస్తుంది, అచ్చం సీజర్ జరుపుడే. మన హ్రస్వ ఎ, ఒ, ఇంకా బండి ఱ దగ్గర మాత్రం ఆగిపోద్ది, ఒడియాలో వాటికి జోడీ లేదు, అక్కడ ఖాళీ గళ్ళుంటాయి. నేను ఆఫీసులో ఖాళీగా ఉన్నప్పుడు నాలుగు లైన్ల ప్రోగ్రామ్ రాసి మా అత్తగారి తెలుగు మెసేజ్‌లు ఒడియాలోకి తిప్పి మా ఆయనకి పంపేదాన్ని.

ఇచ్ఛాపురం_ఈగ:
అసలు 1936లో బరంపురం, పర్లాకిమిడి ఒడిశాలోకి పోబట్టే కదా మీకీ లిపి తిప్పలు. దానిమీద ఒక మాట చెప్పాలి

మోడరేటర్:
ఈగ గారూ, 1936కి వేరే దారం ఉంది, అక్కడ ఇప్పటికే కొట్టుకుంటున్నారు. ఇక్కడ చీరల ధర మాత్రమే.

జయపురం_వీణ:
నాకొకటి తట్టింది, ఇది కటపయాది, అదే అక్షరాలతో అంకెలు చెప్పే పాత పద్ధతి, కావచ్చు కదా? మా సంగీతంలో మేళకర్త రాగాల నంబర్లు అలాగే తెలుస్తాయి. ధీరశంకరాభరణంలో ధ అంటే 9, ర అంటే 2, వెనకనుంచి చదివితే 29, అది ఇరవై తొమ్మిదో మేళం. మేచకల్యాణి మ 5, చ 6, తిప్పితే 65. మాయామాళవగౌళ 15. పాతకాలం వాళ్ళకి ఈ లెక్క బాగా వచ్చు, తాతగారు దీన్నే వాడారేమో.

పర్లాకిమిడి_మాస్టారు:
బాగా పట్టావమ్మా, ఒకసారి వేసి చూద్దాం. కటపయాదిలో ర 2, ద 8, స 7. మొదటి చీర రదస తీసుకుంటే నేరుగా 287, తిప్పితే 782. అమ్మింది 165కి. ఏ షావుకారైనా 287కి కొని 165కి అమ్ముతాడా? అదీగాక కటపయాది ఎవరికైనా తెలుస్తుంది, నీలాంటి గిరాకీ వస్తే కొట్టు గతేం కాను. అది గుర్తుపెట్టుకోడానికి పుట్టిన పద్ధతి, దాచడానికి కాదు.

కోరాపుట్_కాఫీ:
అయితే ఎన్ని రకాలుగా ఉండొచ్చంటారు మొత్తం? అన్నీ వేసి చూసేస్తే పోలా

పర్లాకిమిడి_మాస్టారు:
పది అక్షరాలకి పది అంకెలు పంచడం అంటే 36 లక్షల 28 వేల 800 రకాలు. కంప్యూటర్‌కి ఇది చిటికెలో పని, కాగితం మీద చేసేవాడికి జన్మ చాలదు. కానీ అన్నీ వేసి చూడక్కర్లేదు. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాద్‌లో అల్ కిండీ అనే పండితుడు దీనికి దారి చూపించాడు. ఏ భాషలోనైనా కొన్ని అక్షరాలు ఎక్కువసార్లు వస్తాయి, కొన్ని అరుదుగా వస్తాయి, వేషం మార్చినా ఆ లెక్క మారదు, కాబట్టి సైఫర్‌లో ఏ గుర్తు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టు, అసలు భాష లెక్కతో పోల్చు అన్నాడు. మన తెలుగులో అయితే మాటల చివర్లే పట్టిచ్చేస్తాయి, దాదాపు ప్రతి మాటా అచ్చుతో ముగుస్తుంది, బహువచనం వస్తే లు.

ఇక్కడ భాష బదులు ధరలున్నాయి. ధరలకీ ఒక స్వభావం ఉంటుంది. నేను కాగితం పెట్టుకుని చేసింది చెప్తాను, మీరూ పెన్ను తీయండి.

పది ధరల్లో ఎనిమిది స తో ముగిశాయి, మిగతా రెండూ య తో. టోకున చీరలు 140కో 165కో పడతాయిగానీ 143కి పడవు. కాబట్టి స సున్నా, య అయిదు. రెండోది, చివరి చీర రటస 130కి అమ్మారు, కొన్నది అంతకంటే తక్కువే, అయినా మూడు అక్షరాలుంది, అంటే నూటికి పైన. ఇంకేముంది, ర అంటే 1. మరస 245కి అమ్మారు, మ 1 కాదు, 3 అయితే నష్టం, కాబట్టి 2. అది 210 అన్నమాట. నమస 375కి అమ్మారు, 1, 2 అయిపోయాయి కాబట్టి న 3, ధర 320. మయస 250.

ఇప్పుడు మూడు చీరలకి కొన్నదీ అమ్మిందీ రెండూ తెలిశాయి. 210 మీద 35, 320 మీద 55, 250 మీద 40. నూటికి పదహారు, పదిహేడు లాభం. ఇదే అసలు తాళం చెవి, తాతగారు అన్ని చీరల మీదా ఇంచుమించు ఒకే లాభం వేసుకునేవారు. మిగతావి దీంతో వచ్చేస్తాయి. 165కి అమ్మిన రదస 140 అవ్వాలి, 130 అయితే లాభం మరీ ఎక్కువ, 150 అయితే మరీ తక్కువ. అంటే ద 4. రకయ 165, క 6. రగస 180, గ 8. జస 90, జ 9. లయ 75, ల 7, దీనిమీద మాత్రం నూటికి ఇరవై వేశారు, చవక చీర కదా.

తేలనిది ఒక్క ట. మటస 255కి అమ్మారంటే కొన్నది 220 అవ్వాలి, అప్పుడు ట 2. రటస 130 అంటే 110, అప్పుడు ట 1. రెండు చోట్ల రెండు విలువలు వస్తున్నాయి, పైగా 1కీ 2కీ వేరే అక్షరాలు ముందే ఉన్నాయి. అక్షరాలు కూడా పది కావాల్సింది పదకొండు అయ్యాయి.

గోపాల్‌పూర్_గుమాస్తా:
మాస్టారూ అది తప్పు కాదండి, అది మళ్ళీ అక్షరం. మా కొట్లోనూ ఉండేది. ఒకే అంకె పక్కపక్కన రెండుసార్లు వస్తే అదే అక్షరం రెండుసార్లు రాయరు, రెండోసారి బదులు ఈ అదనపు అక్షరం పెడతారు. ట అంటే ముందున్నదే మళ్ళీ అని. మటస అంటే రెండు, మళ్ళీ రెండు, సున్నా. 220. రటస 110. మమస అని రాస్తే తెలివైన గిరాకీ 220యో 330యో అని ఊహించేస్తుంది, అందుకు.

రాయగడ_రమణి:
వావ్. ఇది నిజంగా మంచి ఎత్తు. జంట అక్షరాలు సైఫర్ విప్పేవాళ్ళకి బంగారం, ఇంగ్లీషులో అయితే ఎల్ ఎల్, ఎస్ ఎస్, ఈ ఈ ఇలా కొన్నే జంటగా వస్తాయి కాబట్టి అక్కణ్ణుంచే మొదలుపెడతారు. ఆ దారి మూసేశారు తాతగారు.

కోరాపుట్_కాఫీ:
ఆగండాగండి. 1 నుంచి వరసగా రాస్తే ర మ న ద య క ల గ జ స. రామ నీ దయ కలగ జ స... రామా నీ దయ కలుగజేసి!! 🔥

పట్టుబజారు_చిన్నోడు:
అన్నా!! అమ్మకి ఇప్పుడే చదివి వినిపించాను. రామా నీ దయ కలుగజేసి కాపాడు అని పొద్దున్నే గల్లాపెట్టెకి దణ్ణం పెట్టేటప్పుడు తాత పైకే అనేవారంట, కొట్లో పనివాళ్ళందరూ వినేవారంట. కాపాడు లో క మళ్ళీ వస్తుంది కాబట్టి పదో అక్షరం దగ్గర ఆపేసినట్టున్నారు. వెంటనే వెనక పేజీలు తిప్పా, అన్నీ సరిపోతున్నాయి, ఒక్క చీర మాత్రం కొన్న ధర కంటే తక్కువకి ఇచ్చారు, పక్కన ఏదో పేరు రాసుంది, అమ్మ నవ్వి ఊరుకుంది చెప్పలేదు.

గోపాల్‌పూర్_గుమాస్తా:
అదేనండి, రోజూ పైకి అనే మాటనే పెట్టుకున్నారు. ఎవరూ అనుమానించరు.

రాయగడ_రమణి:
దీనికొక సూత్రం ఉంది గుమాస్తా గారూ. 1883లో కెర్కాఫ్స్ అనే ఆయన రాశాడు, పద్ధతి మొత్తం శత్రువు చేతికి చిక్కినా ఇబ్బంది ఉండకూడదు, రహస్యమంతా కీలోనే ఉండాలి అని. జవుళి కొట్లలో పదక్షరాల మాట వాడతారని ఊళ్ళో వ్యాపారులందరికీ తెలుసు, అయినా నడిచిందంటే ఒక్కో కొట్టు మాట ఒక్కోటి కాబట్టి. ఇవాళ మన ఫోన్లలో వాడే ఏఈఎస్ అనే సైఫర్ కూడా అంతే, దాని లోపలి లెక్కంతా 2001 నుంచి ఎవరైనా చదువుకునేలా బయటే ఉంది. మాది సీక్రెట్ అల్గారిథమ్ అని గొప్పగా చెప్పుకునే యాప్ కనిపిస్తే నేను మాత్రం ఇన్‌స్టాల్ చెయ్యను.

ఇంకోటి కూడా చెప్పాలి, నాకు ఇది భలే నచ్చుతుంది. కీలు ఎన్ని ఎక్కువుంటే అంత గట్టిది అనుకుంటారు చాలామంది. ఇంగ్లీషు అక్షరాలు 26 ని ఇష్టమొచ్చినట్టు కలిపితే వచ్చే కీలు 4 పక్కన 26 సున్నాలు, కంప్యూటర్ భాషలో చెప్పాలంటే 88 బిట్లు, ఒక్కో బిట్టు పెరిగితే కీలు రెట్టింపవుతాయి. డీఈఎస్ అని 1977లో అమెరికా ప్రభుత్వం ప్రమాణంగా పెట్టుకున్న సైఫర్‌కి 56 బిట్లే. లెక్కప్రకారం పాత అక్షరాల సైఫరే ఎన్నో రెట్లు పెద్దది. కానీ డీఈఎస్‌ని విప్పడానికి 1998లో ప్రత్యేకంగా ఒక మెషిన్ కట్టి 56 గంటలు నడపాల్సొచ్చింది, అక్షరాల సైఫర్‌ని ఆదివారం పేపర్ పజిల్లా పెన్సిల్‌తో చేసేస్తారు. ఎందుకంటే దీంట్లో ఒక్కో అక్షరం విడివిడిగా ఊడొచ్చేస్తుంది, ఒకటి తెలిస్తే రెండోది సులువు, మాస్టారు చేసింది అదే కదా. డీఈఎస్‌లో కీ ఒక్క బిట్టు తేడా ఉన్నా వచ్చేది మొత్తం చెత్తే, దగ్గరికి వచ్చావో లేదో కూడా తెలీదు.

జయపురం_వీణ:
మరి అప్పట్లో ఈ బలహీనత తెలిశాక ఊరుకున్నారా?

పర్లాకిమిడి_మాస్టారు:
ఊరుకోలేదమ్మా, ఒకే పట్టీ బదులు ఒక్కో అక్షరానికి ఒక్కో పట్టీ మార్చుకుంటూ పోయే పద్ధతి 1553లో బెల్లాసో అనే ఇటలీ ఆయన అచ్చేశాడు, తర్వాత అది విజెనేర్ పేరుమీద చలామణీ అయింది, అలాగే ఉంటుంది లోకం. దాన్ని విప్పలేరని మూడు వందల ఏళ్ళు నమ్మారు, 1863లో కసిస్కీ అనే సైనికాధికారి కీ ఎంత పొడుగుందో కనుక్కుంటే అదీ మామూలు సీజర్ ముక్కలుగా విడిపోతుందని చూపించాడు. తాతగారు చీర రంగుని బట్టి మాట మార్చి ఉంటే మనకి ఈ పేజీ ఒక్కటీ చాలేది కాదు. కానీ కౌంటర్లో కుర్రోడు కూడా చదవాలిగా, కొట్లో అంత తతంగం నడవదు.

కోరాపుట్_కాఫీ:
నేను నా ఏటీఎం పిన్ ఇలా ఒక మాటతో రాసుకుని పర్సులో పెట్టుకోవచ్చా? మర్చిపోతున్నా రోజూ

రాయగడ_రమణి:
పిన్ ఒక్కటే రాసుకుంటే దొంగకి దాంట్లోంచి పెద్దగా ఏమీ దొరకదు. మీలాంటివాళ్ళు అక్కడితో ఆగరు కదా, అదే మాటతో ఫోన్ నంబర్లు, పుట్టినరోజులు కూడా రాస్తారు. మన మొబైల్ నంబర్లు 6, 7, 8, 9 తోనే మొదలవుతాయి, పుట్టిన సంవత్సరం 19 తోనో 20 తోనో. అలా రెండు మూడు కాగితాలు చేతికొస్తే అయిపోయారు. వద్దన్నా, గుర్తుపెట్టుకోండి.

పట్టుబజారు_చిన్నోడు:
మాస్టారూ, చివరిగా ఇంకొక్కటి. అదే పెట్టెలో చిన్న నోటు పుస్తకం కూడా ఉంది, అప్పు ఇచ్చిన లెక్కల్లా ఉంది. పేర్ల ఎదురుగా అక్షరాలే, అంకెలు ఎక్కడా లేవు. మూడే మూడు మాటలు: పహవ, చతబ, శడణ. ఈ అక్షరాలు తాత మాటలో ఒక్కటి కూడా లేవు. దీన్నీ విప్పుతారా?

పర్లాకిమిడి_మాస్టారు:
కుదరదు నాయనా. ఇది వేరే కీ, బహుశా పెదనాన్నది. మొదటి పుస్తకంలో పక్కనే అమ్మిన ధర ఉండబట్టి పని జరిగింది. ఇక్కడ పక్కన ఏమీ లేదు, తొమ్మిది అక్షరాలూ తొమ్మిది రకాలు, ఒక్కటీ రెండోసారి రాలేదు. పహవ ఒక్కదాన్నే తీసుకుంటే మొదటి అంకె సున్నా కాదనుకున్నా, మూడూ వేరు వేరు అంకెలు కాబట్టి 648 సమాధానాలున్నాయి, అన్నీ సమానంగా నిజం కావచ్చు. ఇంత పొట్టి సందేశానికి ఎంత పెద్ద కంప్యూటర్ తెచ్చినా ఏది అసలుదో చెప్పలేం, కొలుచుకోడానికి ఏమీ లేదు కాబట్టి. షానన్ అనే అమెరికన్ 1949లో దీనికి లెక్క కట్టి మరీ చూపించాడు.

ఆ పేర్లవాళ్ళు ఎవరైనా బతికుంటే, ఎంత తీసుకున్నారో ఒక్కరు చెప్పినా మూడు అక్షరాలు తెలుస్తాయి.

పట్టుబజారు_చిన్నోడు:
అడగడానికి అమ్మ ఒప్పుకోవట్లేదు మాస్టారూ, ఇప్పుడెళ్ళి అడిగితే అప్పు వసూలుకి వచ్చారనుకుంటారంట.

గోపాల్‌పూర్_గుమాస్తా:
అమ్మగారు చెప్పింది కరెక్ట్.

మోడరేటర్:
పద్దు విప్పడం అయిపోయింది కాబట్టి దీన్ని పరిష్కారమైంది గుర్తుతో ఉంచుతున్నా. అప్పుల పుస్తకంలోని పేర్లు మాత్రం ఎవరూ ఇక్కడ పెట్టమని అడగొద్దు.

ఇచ్ఛాపురం_ఈగ:
ఆ తక్కువకి ఇచ్చిన చీర సంగతి మాత్రం ఎవరూ అడగరేం 😀

పట్టుబజారు_చిన్నోడు:
కఅ కమ్మ కచె కప్ప కదు.